శోథలో మెమరీ టీ కణాలను ఉత్తేజపరిచేది ప్రతిజనకమా, సైటోకైన్లా?

ప్రశ్న: కణవీక్షకి

అందరికీ నమస్కారం. నేను రోగనిరోధకశాస్త్రంలో ఈమధ్యే పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థినిని. తీవ్రమైన వైరస్ జబ్బులతో బాధపడుతున్న రోగుల రక్తంలోని సీడీ8 టీ కణాలను (వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణాలను) ఫ్లో సైటోమెట్రీతో, అంటే కణాల మీది గుర్తులను లేజర్ కాంతితో ఒక్కొక్క కణంలో కొలిచే పద్ధతితో, పరిశీలించడం ప్రస్తుతం నా పని. జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడు తీసిన నమూనాల్లో సీడీ38, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ఉత్తేజ సూచికలు రెండూ ఉన్న కణాలు పెద్ద సంఖ్యలో కనిపిస్తున్నాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అయితే సైటోమెగలో వైరస్‌ను గుర్తించే పాత మెమరీ కణాలను (గతంలో ఆ వైరస్‌ను ఎదుర్కొని గుర్తుంచుకున్న కణాలను) టెట్రామర్‌తో, అంటే ఒక నిర్దిష్ట వైరస్ ముక్కను గుర్తించే కణాలకే అంటుకునే గుర్తుతో, వేరుగా చూసినప్పుడు, కొందరు రోగుల్లో వాటి మీద కూడా ఈ సూచికలు పెరిగి ఉన్నాయి. ఆ రోగుల రక్తంలో సైటోమెగలో వైరస్ జాడ మాత్రం లేదు.

తన ప్రతిజనకం (తాను గుర్తించే వైరస్ భాగం) ఎదురుకాకుండానే మెమరీ టీ కణం నిజంగా ఉత్తేజితం కాగలదా? కాగలిగితే, ఒకే శోథలో (వాపు, మంటతో కూడిన రోగనిరోధక స్పందనలో) ఉన్నా కొన్ని రకాల మెమరీ కణాలు స్పందించి, కొన్ని కదలకుండా ఉండిపోవడానికి కారణమేమిటి? నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో నైవ్ కణాల (ఇంకా తమ ప్రతిజనకాన్ని ఎదుర్కోని కణాల) ఉత్తేజం గురించి ఉన్నంత వివరంగా ఈ సంగతి లేదు.

సమాధానం: నిరోధకపాఠి

ప్రతిజనకం లేకుండానే ఉత్తేజితం కావడం నిజమే. దీన్ని బైస్టాండర్ ఉత్తేజం అంటారు. మానవ కణాల్లో దీనికి తొలి ఆధారాలు కొత్తవి కావు. ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ల్యూకిన్-6, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఆల్ఫా అనే సైటోకైన్లను (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లను) కలిపి ఇస్తే, ప్రతిజనకంతో పని లేకుండా విశ్రాంతిలో ఉన్న టీ కణాలు స్పందిస్తాయని 1994లోనే ప్రచురితమైంది.

మెమరీ కణానికి ఇది సాధ్యం కావడానికి కారణం దాని లోపలి సన్నద్ధతలో ఉంది. నైవ్ కణంలో ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ జన్యువు ఉన్న క్రొమాటిన్ (ప్రోటీన్లతో కలిసి చుట్టుకున్న డీఎన్‌ఏ) భాగం మూసుకుని ఉంటుంది. ఒకసారి పోరాడి మెమరీ దశకు చేరిన కణంలో ఆ భాగం మీద జన్యువును అణచి ఉంచే మిథైల్ గుర్తులు చాలావరకు తొలగిపోయి, చిన్న సంకేతానికే జన్యువు పని మొదలుపెట్టే స్థితిలో ఉంటుంది. కనుక ప్రతిజనక గ్రాహకం నుంచి ఎల్‌సీకే, జాప్-70 అనే ఎంజైములు, కాల్షియం మీదుగా ఎన్‌ఫాట్ అనే జన్యు నియంత్రక ప్రోటీన్‌ను చేరే సంకేతం రాకపోయినా, ఇంటర్‌ల్యూకిన్-12 స్టాట్4ను, ఇంటర్‌ల్యూకిన్-18 మైడీ88 అనే ప్రోటీన్ ద్వారా ఎన్‌ఎఫ్ కప్పా బీని (ఈ రెండూ జన్యు నియంత్రక ప్రోటీన్లే) ఒకేసారి కదిలిస్తే, ఆ జన్యువు పనిచేయడానికి అది చాలు. వీటిలో ఏ ఒక్కటి విడిగా వచ్చినా స్పందన చాలా బలహీనంగా ఉంటుంది. ఇలా రెండు సంకేతాలు కలిసి రావాలన్న నియమం శరీరానికి ఒక రక్షణ అని నా అభిప్రాయం. లేకపోతే ప్రతి చిన్న జలుబుకూ మన మెమరీ కణాలన్నీ ఒక్కసారిగా లేచి కూర్చునేవి.

ఇదే పద్ధతి సహాయక టీ కణాల్లోనూ (ఇతర రోగనిరోధక కణాలకు తోడ్పడే సీడీ4 కణాల్లోనూ) కనిపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 కుటుంబానికి చెందిన ఒక సైటోకైన్, దానితోపాటు ఒక స్టాట్ ప్రోటీన్‌ను ఉత్తేజపరిచే మరో సైటోకైన్ కలిసి పనిచేస్తాయి. వాటిలో టీహెచ్1 రకం కణాలకు ఆ జంట ఇంటర్‌ల్యూకిన్-18, 12. టీహెచ్17 కణాలకు ఇంటర్‌ల్యూకిన్-1, 23. టీహెచ్2 కణాలకు ఇంటర్‌ల్యూకిన్-33, దానికి తోడు స్టాట్5ను కదిలించే ఇంటర్‌ల్యూకిన్-2 లేదా 7. శోథ ఏ సైటోకైన్లతో నిండి ఉందో చూస్తే ఏ మెమరీ కణాలు ముందు మేల్కొంటాయో చాలావరకు ఊహించవచ్చు.

ఇక సీడీ8 మెమరీ కణాల మీద ఇంటర్‌ల్యూకిన్-15 గ్రాహకంలో భాగమైన సీడీ122 ఎక్కువగా ఉంటుంది. కనుక సీడీ4 కణాల కంటే ఇవి ఆ సైటోకైన్‌కు త్వరగా స్పందిస్తాయి. మీ పరిశీలనకు అతి దగ్గరి ఉదాహరణ తీవ్ర హెపటైటిస్-ఎ. వైరస్ సోకిన కాలేయంలో ఇంటర్‌ల్యూకిన్-15 పెరిగి, హెపటైటిస్-ఎతో ఏ సంబంధమూ లేని వైరస్‌లను గుర్తించే మెమరీ సీడీ8 కణాలు ఉత్తేజితమవుతాయనీ, అవి ఎన్‌కేజీ2డీ వంటి గ్రాహకాల సాయంతో సహజ హంతక కణాల (ప్రతిజనక గ్రాహకం లేకుండానే చంపే కణాల) మాదిరిగా కాలేయ కణాలను చంపగలవనీ, ఆ ఉత్తేజం కాలేయానికి జరిగిన నష్టంతో ముడిపడి ఉందనీ 2018లో దక్షిణ కొరియా పరిశోధకులు చూపించారు.

అయితే ఇది ప్రతి అంటువ్యాధిలోనూ జరుగుతుందని అనుకోవద్దు. పచ్చజ్వరం టీకా తీసుకున్నవారిలో సీడీ38, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ రెండూ ఉన్న సీడీ8 కణాలు దాదాపుగా టీకా వైరస్‌ను గుర్తించేవేనని, ఇతర వైరస్‌ల పాత మెమరీ కణాలు నిశ్శబ్దంగానే ఉన్నాయని 2008లో వెలువడిన పరిశీలన తేల్చింది. బైస్టాండర్ ఉత్తేజం అనే మాట విన్న వెంటనే ప్రతి ఉత్తేజిత కణాన్నీ ఆ ఖాతాలో వేసేయడం ఈమధ్య ఎక్కువైంది. అది సరికాదు.

సమాధానం: చర్మశోధన

పై సమాధానంతో ఏకీభవిస్తూ, అందులో రాని ఒక సంగతిని చేర్చాలనుకుంటున్నాను. కణం ఎక్కడ నివసిస్తుందన్నది కూడా దాని మీద ఉన్న గ్రాహకాలంత ముఖ్యం.

1999లో సల్లుస్టో, లాంజావెచియా అనే శాస్త్రవేత్తల బృందం సీసీఆర్7, సీడీ45ఆర్‌ఏ అనే ఉపరితల ప్రోటీన్ల ఆధారంగా మానవ మెమరీ కణాలను విభజించినప్పటి నుంచి మనం రక్తాన్నే ఎక్కువగా చూస్తున్నాము. సీసీఆర్7 ఉన్న సెంట్రల్ మెమరీ కణాలు లింఫు గ్రంథులకు చేరి, అక్కడ డెండ్రైటిక్ కణాలు ప్రతిజనకాన్ని చూపినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-2 స్రవిస్తూ వేగంగా విభజన చెందుతాయి. ఆ గ్రాహకం లేని ఎఫెక్టర్ మెమరీ కణాలు సీఎక్స్‌సీఆర్3, సీసీఆర్5 వంటి ఇతర గ్రాహకాల సాయంతో శోథ ఉన్న కణజాలంలోకి నేరుగా ప్రవేశించి గంటల్లోనే పని మొదలుపెడతాయి. సీడీ45ఆర్‌ఏను మళ్లీ ప్రదర్శించే టెమ్రా కణాల్లో పెర్ఫోరిన్, గ్రాంజైమ్ అనే కణాలను చంపే ప్రోటీన్లు నిండుగా ఉంటాయి గాని వాటికి విభజన శక్తి తక్కువ. మీరు చూస్తున్న సైటోమెగలో వైరస్ కణాల్లో ఎక్కువ భాగం ఈ కోవకే చెందుతాయి.

కానీ పెద్దల చర్మంలో సుమారు 2,000 కోట్ల టీ కణాలు ఉంటాయని, అది రక్తంలో తిరిగే మొత్తానికి దాదాపు రెట్టింపు అని 2006లో అంచనా వేశారు. వాటిలో చాలా భాగం మెమరీ కణాలే. అక్కడే స్థిరపడిన కణాల (నివాస మెమరీ కణాల) మీద ఉండే సీడీ69, కణజాలం నుంచి బయటకు దారిచూపే ఎస్1పీ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. సీడీ103 వాటిని ఉపకళలోని (చర్మం పైపొరలోని) ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కు పట్టి ఉంచుతుంది. ఈ సీడీ69ను కేవలం ఉత్తేజ సూచికగా చదివితే పొరపాటు జరుగుతుంది. విశ్రాంతిలో ఉన్న నివాస మెమరీ కణం మీద కూడా అది నిత్యం ఉంటుంది.

వీటి ఉత్తేజాన్ని కంటితో చూడాలంటే ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అనే మందు ప్రతిచర్యను మించిన ఉదాహరణ లేదు. ఒక మందు వల్ల వచ్చిన గుండ్రటి మచ్చ మానిపోయి ముదురు రంగు మాత్రం మిగులుతుంది. అదే మందు మళ్లీ వేసుకుంటే కొన్ని గంటల్లో అదే మచ్చ, అదే అంచుతో ఎర్రబడి మంట పుడుతుంది. పక్కనున్న చర్మం చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మచ్చ కింద ఉపకళలో కాచుకుని ఉన్న సీడీ8 నివాస మెమరీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాను విడుదల చేయడమే దీనికి కారణం. సోరియాసిస్ మందు ఆపగానే పాత చోటే మచ్చలు తిరగబెట్టడం వెనుక కూడా ఇంటర్‌ల్యూకిన్-17ను స్రవించగల ఇలాంటి కణాలే ఉన్నాయి. ఆ జబ్బులో వాటిని రెచ్చగొట్టే ఇంటర్‌ల్యూకిన్-23 ఇవాళ చికిత్సకు ప్రధాన లక్ష్యాల్లో ఒకటి.

కాబట్టి రక్తనమూనాలో నిశ్శబ్దంగా కనిపించిన కణజాతి కణజాలంలోనూ నిశ్శబ్దంగానే ఉందని తేల్చేయకండి.

సమాధానం: ఔషధభద్రత

మెమరీ కణాల ఉపవర్గాల మధ్య తేడాను పట్టించుకోకపోతే ఎంత ప్రమాదమో చూపిన ఘటన ఒకటి ఉంది. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. ప్రతిజనక గ్రాహకం నుంచి సంకేతం లేకుండానే సీడీ28 అనే మరో ఉపరితల గ్రాహకం ద్వారా టీ కణాలను ఉత్తేజపరచగల మందు అది. కోతుల్లో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతే ఇచ్చినా, గంటన్నర లోపే తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు మొదలయ్యాయి. సైటోకైన్ల ఉప్పెనలో అవయవాలు దెబ్బతిని ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌లో చేరవలసి వచ్చింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ తర్వాతి పరిశోధనల్లో, ఆ ఉప్పెనకు మూలం సీడీ4 ఎఫెక్టర్ మెమరీ కణాలని తేలింది. మనుషుల్లో ఈ కణాల మీద సీడీ28 ఉంటుంది. పరీక్షకు వాడిన జాతి కోతుల్లో అవే కణాలు దాన్ని కోల్పోతాయి. కోతుల్లో ప్రమాద సూచన కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. పైగా, ప్రయోగశాలలో పెంచే జంతువులు శుభ్రమైన వాతావరణంలో జీవిస్తాయి గనుక, దశాబ్దాలుగా అంటువ్యాధులను ఎదుర్కొన్న పెద్దల్లో ఉన్నన్ని మెమరీ కణాలు వాటికి ఉండవు. అందుకే మెమరీ కణాల విషయంలో ఎలుకల ఫలితాలను మనుషులకు నేరుగా వర్తింపజేయడానికి నేను ఎప్పుడూ వెనుకాడతాను. విద్యార్థులు మానవ నమూనాలతో కష్టపడి పనిచేయడం చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

ప్రశ్నకర్త స్పందన: కణవీక్షకి

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సంగతి మిగిలింది. నా నమూనాల్లోని సైటోమెగలో వైరస్ కణాలు సైటోకైన్ల వల్లనే ఉత్తేజితమయ్యాయని, గ్రాహకం ద్వారా కాదని ఎలా నిరూపించాలి?

సమాధానం: నిరోధకపాఠి

ముందుగా ఒక హెచ్చరిక. రక్తంలో వైరస్ కనిపించనంత మాత్రాన కణజాలంలో అది మళ్లీ తలెత్తలేదని చెప్పలేము. పైగా ఒక గ్రాహకం కొన్నిసార్లు రెండు వేర్వేరు పెప్టైడ్‌లను (ప్రోటీన్ ముక్కలను) గుర్తిస్తుంది. అందువల్ల ఒక్క టెట్రామర్‌తో ఆగకుండా ఎప్‌స్టీన్-బార్, ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ల మెమరీ కణాలను కూడా అదే నమూనాలో చూడండి. మూడింటిలోనూ సూచికలు ఒకే రీతిగా పెరిగితే బైస్టాండర్ ఉత్తేజం వైపు మొగ్గవచ్చు. సైటోమెగలో వైరస్ కణాల్లోనే పెరిగితే ప్రతిజనకాన్నే అనుమానించాలి.

సీడీ38, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ ఏ దారిలోనైనా పెరగగలవు కనుక, గ్రాహక సంకేతాన్ని మరింత నమ్మకంగా సూచించే సీడీ137, నర్77లను కూడా చేర్చండి. కణాలను విడిగా పెంచే ప్రయోగంలో, ఆరోగ్యవంతుల కణాలకు రోగి ప్లాస్మా గాని ఇంటర్‌ల్యూకిన్-15 గాని ఇచ్చి, ఒక గొట్టంలో సైక్లోస్పోరిన్, మరొక గొట్టంలో టోఫాసిటినిబ్ కలపండి. మొదటిది గ్రాహకం నుంచి ఎన్‌ఫాట్‌కు వెళ్లే దారిని, రెండోది ఇంటర్‌ల్యూకిన్-15 వాడుకునే జాక్ ఎంజైముల దారిని మూస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-18 జాక్ మీద ఆధారపడదు గనుక దాని ప్రభావాన్ని టోఫాసిటినిబ్‌తో తేల్చలేరు; దానికి నిరోధక యాంటీబాడీ కావాలి. సమయం కూడా కొంత చెబుతుంది. గ్రాహకం ద్వారా వచ్చే ఇంటర్‌ఫెరాన్ గామా కొన్ని గంటల్లోనే కనిపిస్తుంది, ఇంటర్‌ల్యూకిన్-12, 18 వల్ల వచ్చేది సాధారణంగా ఆలస్యమవుతుంది. బ్యాక్టీరియాకు ఎదురైన మెయిట్ కణాల్లో (అవి ఒక రకం టీ కణాలు) ఈ రెండు అలలూ స్పష్టంగా వేరుపడతాయి: సుమారు 5 గంటల దగ్గర గ్రాహకం మీద ఆధారపడిన స్పందన, 20 గంటల నాటికి సైటోకైన్ల మీద ఆధారపడినది.

చివరగా, టెట్రామర్ తానే గ్రాహకాన్ని పట్టుకుంటుంది గనుక అది కణాన్ని ఉత్తేజపరచగలదు, గ్రాహకాన్ని లోపలికి లాగేయగలదు కూడా. రంజనానికి (టెట్రామర్ గుర్తు వేయడానికి) ముందు కొద్దిసేపు, గ్రాహక సంకేతాన్ని ఆపే డాసాటినిబ్ అనే మందుతో ఉంచితే గ్రాహకం ఉపరితలం మీదే నిలిచి, ఉత్తేజిత కణాల రంజనం మసకబారకుండా ఉంటుంది. అయితే ఆ కణాలను తర్వాత ఉత్తేజ ప్రయోగాలకు వాడకండి. వాటికోసం రంజనానికి ముందే నమూనాలో కొంత భాగం పక్కన పెట్టుకోండి.