సాగర్ డ్యామ్‌కు పడవలు దాటే లాకులు ఎందుకు పెట్టలేదు?

దామరచర్ల లారీ:
నేను వాడపల్లిల సిమెంట్ లోడు ఎత్తుకొని బెజవాడ దిక్కు తిరుగుత. మొన్న రాజమండ్రి కిరాయి పడితె ధవళేశ్వరం కాలువ మీద లాకులు చూసిన. ఒకప్పుడు బియ్యం పడవలు వాటిల్లనుంచే దిగేవట. మరి మన సాగర్‌ల శ్రీశైలం పోయే లాంచీ డ్యామ్ పైననే తిరగాలె, కిందికి రాదు. 26 గేట్లు పెట్టినోళ్లు పడవకు ఒక్క తోవ పెట్టకపోయిన్రా? పెడితె సిమెంటంత నీళ్ల మీదనే పోవు గదా. నా బతుకుదెరువు పోతదనుకో, అది వేరే ముచ్చట.

హాలియా కాలువగట్టు:
తమ్మీ, లాకంటే రెండు దిక్కుల తలుపులున్న తొట్టి. పడవ లోపలికొచ్చినంక పైతలుపు మూసి అడుగున తూము తెరుస్తరు. నీళ్లు జారుతుంటె పడవా దిగుతది. కింది మట్టానికి సమమైనంక కిందితలుపు తీస్తరు. మోటరుతోటి తోడే పనే లేదు. తలుపు రెక్కలు రెండూ పైనీళ్లకు ఎదురుగ మొనదేలి మూసుకుంటయి, నీళ్లు ఎంత నెడితె అంత బిగుస్తయి. అయినా సందులల్లకెళ్లి చిమ్ముతనే ఉంటయి.

ధవళేశ్వరంల దిగుడు కొన్ని అడుగులే. సాగర్ నిండుమట్టం 590 అడుగులు. కింద టెయిల్‌పాండు (డ్యామ్ దిగువన నీళ్లు ఆపే చిన్న చెరువు) నీళ్లకు, దానికి వంద మీటర్ల దాకా తేడా. చైనాల త్రీ గోర్జెస్ కాడ 113 మీటర్లు దించనీకి ఐదు మెట్ల లాకు కట్టిన్రు, దాటనీకి మూడు నాలుగు గంటలు. అది చాలక 2016ల ఓడను నీళ్లతో సహా ఎత్తే లిఫ్టు కూడా పెట్టిన్రు. యాంగ్జీ మీద అన్ని ఓడలు తిరుగుతయి కాబట్టి వాళ్లకు గిట్టింది. సాగర్ కట్టింది పొలాలకు, కరెంటుకు.

ఎడమకాలువ చివరాయకట్టు:
పడవలకు నీళ్లా! పోయిన యాసంగి మా తూముకు వంతు రాక పొట్టకొచ్చిన వరి ఎండింది. అడిగితె పైనోళ్లను అడగమన్నరు. పడవ దిగినప్పుడల్లా తొట్టెడు నీళ్లు నదిల కలుస్తయి. మా కాలువకు రావు, టర్బైన్‌ను తిప్పవు. ఎవరికి లాభం?

హాలియా కాలువగట్టు:
నీ బాధ నిజమే గని, కింద పులిచింతల డ్యామ్, ప్రకాశం బ్యారేజీ కాడ ఆ నీళ్లు పట్టుకుంటరు. కరెంటు నష్టం మాత్రం ఖాయం.

లారీ తమ్మీ, అసలు నీ సిమెంటుకు సాగర్‌తోటి పనేంది? వాడపల్లి డ్యామ్ కిందనే ఉన్నది గద! వాడపల్లి కాడి వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల కృష్ణను 2008ల జాతీయ జలమార్గం 4ల కలిపిన్రు. నీకు అడ్డం పులిచింతల.

దామరచర్ల లారీ:
ఆ మాట ఎన్నడు వినలే పెద్దన్నా. మరి పడవ ఒక్కటి కూడా కనవడదేంది?

హాలియా కాలువగట్టు:
మొదటి దశల పెట్టుకున్నది ముక్త్యాల నుంచి విజయవాడ ముక్కనే. ముక్త్యాల పులిచింతలకు దిగువన. అంటే పడవ తిరిగినా, వాడపల్లి సిమెంట్ అక్కడి దాకా లారీలనే పోవాలె. ఆ కిరాయి నీకే.