అప్‌డేట్: బాసెల్‌లో మిగిలిన ఆ రెండు రోజులు

టోర్నమెంట్ ఆడటానికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వచ్చి మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాను, తిరుగు టికెట్‌కి ఇంకా రెండు రోజులుంది, తక్కువ ఖర్చులో ఏం చూడొచ్చు అని అడిగాను కదా. "రూమ్‌లో కూర్చుని ఏడవకు, రైన్ నది దగ్గరికి పో" అన్న అన్నకి ముందుగా థ్యాంక్స్.

హోటల్‌వాళ్లు ఇచ్చిన బాసెల్ కార్డుతో ట్రామ్‌లు ఫ్రీ. ఎర్ర ఇసుకరాతి చర్చి వెనక మెట్లు దిగితే పడవ రేవు. ఆ పడవకి ఇంజిన్ లేదు! నదికి అడ్డంగా కట్టిన తీగకి పడవని తాడుతో కట్టారు. పడవాయన పడవని కొంచెం ఏటవాలుగా తిప్పితే చాలు, ప్రవాహమే అవతలి ఒడ్డుకి తోసేస్తుంది. రాజమండ్రిలో పంటు డీజిల్ మోతకి అలవాటైన నాకు, చెక్క కింద నీళ్ల గలగల తప్ప ఏమీ వినిపించకపోవడం వింతగా ఉంది. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను.

రెండో రోజు రైలెక్కి షాఫ్‌హౌజెన్ దగ్గరి రైన్ జలపాతానికి వెళ్లా. దీనికి ఆ కార్డు పనిచేయదు, టికెట్ విడిగా కొనాలి. ఎత్తు 23 మీటర్లే, కానీ వెడల్పు 150. లౌఫెన్ కోట వైపు మెట్లు దిగితే నీటి తుంపర మొహానికి కొడుతుంది. దిగేటప్పుడు బాగానే ఉంది. ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేసి, రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయా. మ్యాచ్ తర్వాత స్ట్రెచింగ్ ఎగ్గొట్టిన ఫలితం. కోచ్‌కి ఇంకా చెప్పలేదు.