యజమానురాలు పోయారు, చిన్న కొడుకు ఖాళీ చేయమని నీళ్లు ఆపేశారు: దారి చెప్పగలరు

మల్కాజిగిరి కిరాయిదారు:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి చట్టాల పేర్లు చదివీ చదివీ తల తిరుగుతోంది గాని నాకు కావలసిన జవాబు ఎక్కడా దొరకలేదు. మేము ఉంటున్న ఇంటి యజమానురాలు సంక్రాంతి తర్వాత కాలం చేశారు. ఆమె చిన్న కొడుకు పది రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలని వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసి పంపారు. మేము కదలకపోయేసరికి నిన్న సాయంత్రం బోరు మోటారు స్విచ్చు ఉన్న గదికి తాళం వేసి వెళ్లిపోయారు. ట్యాంకులో మిగిలిన నీళ్లు తెల్లవారేసరికి అయిపోయాయి. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ తగాదా, మీలో మీరే మాట్లాడుకోండి అన్నారు. పాపకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. కిరాయిదారులకు రక్షణ చట్టం ఉందంటారు కదా, దాని కింద మమ్మల్ని ఎన్నాళ్ల వరకు కదిలించకూడదో తెలిసినవారు చెప్పండి.

దస్తావేజుల పెద్దాయన:
అమ్మా, మీ బాధ అర్థమైంది. అయితే మనవాళ్లు చేసే మొదటి పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. అందరూ పదకొండు నెలలని రాసుకుంటారు, ఎందుకో ఎవరూ అడగరు. ఏడాది దాటే లీజు రిజిస్టరు అయిన పత్రంతోనే చెల్లుతుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కూడా దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ పదకొండు నెలల ఏర్పాటు. గడువు తీరాక కొత్త కాగితం రాసుకునేవారు అరుదు. తీరా తగాదా వచ్చాక బీరువా అడుగు నుంచి పాత స్టాంపు కాగితం తీసి, దాని మీద ఆశలు పెట్టుకుంటారు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్నో చూశాను.

ఒకే మాట:
కిరాయి ఎంత? కాగితం ఉందా? బకాయి ఉందా? ఇవి చెప్పకపోతే జవాబు లేదు.

ఉప్పల్ ఇంటి యజమాని:
ఎప్పుడూ కిరాయిదారుల కష్టాలేనా, మా గోడు వినేవారు లేరా? పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే కిరాయిదారుడికే ఇల్లు సొంతమవుతుందని అందరికీ తెలుసు. ఆ భయంతోనే ఖాళీ చేయమంటాం. ఆ అబ్బాయిది కూడా అదే భయమై ఉంటుంది.

సివిల్ వకీలు:
యజమాని గారూ, ఆ భయానికి ఆధారం లేదు. పన్నెండేళ్ల లెక్క, అసలు యజమాని హక్కును కాదని బహిరంగంగా ఆక్రమించి ఉన్నవారికి వర్తించేది. కిరాయిదారు యజమాని అనుమతితో ఉంటాడు. ఆ హోదాలో ముప్పై ఏళ్లు ఉన్నా ఇల్లు అతనిది కాదు. లోపలికి రానిచ్చిన యజమానికి హక్కే లేదని కిరాయిదారు వాదించడాన్ని కూడా సాక్ష్య చట్టం అనుమతించదు. ప్రశ్న అడిగినవారు ముందు పైన అడిగిన మూడింటికీ సమాధానం ఇవ్వాలి.

మల్కాజిగిరి కిరాయిదారు:
అవి అంత ముఖ్యమనుకోలేదు, క్షమించండి. కిరాయి నెలకు 14,000. కాగితం ఐదేళ్ల కిందట పదకొండు నెలలకు రాసుకున్నాం, మళ్లీ రాసుకోలేదు. పోయినావిడ ఉన్నంతకాలం ఐదో తారీఖు దాటకుండా ఆమె ఖాతాకు పంపేవాళ్లం. ఇప్పుడు పెద్దబ్బాయి ఫోన్ చేసి కిరాయి తనకే ఇవ్వాలని, తమ్ముడికి ఇస్తే చెల్లదని అంటున్నారు. చిన్నబ్బాయేమో ఇల్లు తన వాటాకు వచ్చిందంటున్నారు. ఎవరికివ్వాలో తెలియక రెండు నెలలుగా ఎవరికీ ఇవ్వలేదు.

సివిల్ వకీలు:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మీరు అనుకుంటున్న రక్షణ చట్టం 1960 నాటి భవనాల లీజు, కిరాయి, ఖాళీ నియంత్రణ చట్టం. దాని కింద అయితే యజమాని రెంట్ కంట్రోలర్ (ఆ చట్టం కింద కిరాయి తగాదాలు విచారించే అధికారి) ముందు కారణం నిరూపించాలి: కావాలని కిరాయి ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఉపకిరాయికి ఇవ్వడం, యజమాని స్వంత అవసరం వంటివి. కానీ 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. నేటి నగరంలో ఆ మొత్తానికి ఒక గది కూడా దొరకదు కాబట్టి, ఆ రక్షణ చాలావరకు పాత బజార్లలోని పాత దుకాణాలకే మిగిలింది. మీకు వర్తించేది ఆస్తి బదిలీ చట్టం. మీ కాగితం గడువు తీరినా కిరాయి తీసుకుంటూ ఉన్నారు గనక మీది నెలనెలా సాగే కిరాయి. దాన్ని ముగించడానికి 106వ సెక్షన్ కింద యజమాని కారణం చెప్పనక్కర్లేదు, సంతకం చేసిన పదిహేను రోజుల నోటీసు చాలు. వాట్సాప్‌లో వచ్చిన ఆ నాలుగు ముక్కలు అటువంటి నోటీసు కావు.

అయితే నోటీసు ఇచ్చినంత మాత్రాన తాళాలు వేసే హక్కు రాదు. గడువు తర్వాత మీరు కదలకపోతే ఆయన సివిల్ కోర్టులో దావా వేసి, డిక్రీ (కోర్టు తీర్పు) పొంది, కోర్టు ఉద్యోగి అయిన అమీనాతో ఖాళీ చేయించాలి. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవారిని చట్టం దారిలో తప్ప బలవంతంగా తీసివేయరాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణరామ్ మహాలే కేసులో స్పష్టం చేసింది. అలా బయటికి నెట్టితే, నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు.

బెజవాడ వాసి:
ఇవన్నీ పాత ముచ్చట్లు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అందులో అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, నీళ్లు, కరెంటు ఆపకూడదు. అది చూపించండి.

సివిల్ వకీలు:
అది నమూనా మాత్రమే. కిరాయి వ్యవహారాలు రాష్ట్రాలవి, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఈ ఇల్లు తెలంగాణలో ఉంది. పైగా అదే నమూనాలో గడువు దాటి ఉన్న కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు చెల్లించాలని కూడా ఉంది, తమరు ఆ సగం వదిలేశారు.

దస్తావేజుల పెద్దాయన:
అసలిది లీజా, లేక ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే లైసెన్సా అన్నది తేల్చుకోకుండా ఇంత చర్చ ఎందుకు? ఆ కాగితంలో లైసెన్సు అని రాసి ఉంటే 106వ సెక్షన్ నోటీసు కూడా అవసరం లేదు.

సివిల్ వకీలు:
పైన ఏ పేరు పెట్టినా కోర్టు చూసేది లోపలి ఏర్పాటునే. ఇల్లు మొత్తం ఆమె కుటుంబం చేతిలోనే ఉండి, తాళం చెవి వారి దగ్గరే ఉంటే అది సాధారణంగా లీజు కిందికే వస్తుంది.

ఒకే మాట:
నీళ్ల సంగతి చూడండి.

సివిల్ వకీలు:
నిజమే. కిరాయిదారు ఆటంకం లేకుండా ఇల్లు అనుభవించేలా యజమాని చూడాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది, కాని అది కిరాయి చెల్లిస్తున్నవారికి ఇచ్చిన హామీ. మీరు బకాయి పెట్టుకుని నీళ్ల కోసం కోర్టుకు వెళ్తే అవతలి వకీలు మొదట లేవనెత్తేది అదే. కాబట్టి ఇవాళే ఇద్దరన్నదమ్ములకూ స్పీడ్ పోస్టులో ఒకే లేఖ పంపండి: కిరాయి సిద్ధంగా ఉంది, ఎవరి ఖాతాకు పంపాలో ఇద్దరూ కలిసి రాతపూర్వకంగా తెలపండి, అంతవరకు ఆ మొత్తాన్ని విడిగా ఉంచుతున్నాను అని. పోయినావిడ ఖాతాకు మాత్రం పంపకండి. వారు తేల్చకపోతే సివిల్ ప్రక్రియా స్మృతి 35వ ఆర్డరు కింద, హక్కుదారు ఎవరో మీరే తేల్చుకోండంటూ సొమ్మును కోర్టుకు అప్పగించే దావా ఉంది. కిరాయిదారు సాధారణంగా యజమానిపై అది వేయలేరు గాని, ఇద్దరూ ఆ యజమానురాలి ద్వారానే హక్కు అడుగుతున్నారు గనక మీకు అడ్డు ఉండదు.

మోటారు గది తాళం ఫోటోలు తీసి, తేదీతో ఫిర్యాదు రాసి స్టేషన్‌లో ఇచ్చి రశీదు అడగండి. తరువాత తాళం తీయించాలని సివిల్ కోర్టులో మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. మీరు మహిళ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి. ఇక చిన్నబ్బాయి సరైన నోటీసు ఇస్తే, అన్న అభ్యంతరం చెప్పనంతవరకు ఆయన ఒక్కరే దావా వేసే అవకాశం కూడా ఉంది. పరీక్షలయ్యేదాకా గడువు రాసిమ్మని అడగడమే మీకు లాభం.

ఉప్పల్ ఇంటి యజమాని:
అంటే ఇన్నాళ్లూ పన్నెండేళ్లని భయపడి మంచి కిరాయిదారులను పంపించేశామా? మరి కరెంటు మీటరు వారి పేరున ఉంటే?

మల్కాజిగిరి కిరాయిదారు:
లేఖ ఇద్దరికీ పంపాము. పెద్దబ్బాయి వచ్చి తాళం తీయించారు, నీళ్లు వస్తున్నాయి. ధన్యవాదాలు. అడ్వాన్సు 28,000 చివరి రెండు నెలల కిరాయి కింద సర్దుకోవచ్చా?

దస్తావేజుల పెద్దాయన:
అది కాగితంలో రాసినదాన్ని బట్టి ఉంటుంది. అందుకే మొదటే చెప్పాను.