తెవికీకి (తెలుగు వికీపీడియాకి) కొత్త, దేనితో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఖాతా తెరిచాను. మాది కైకలూరు, కొల్లేటి పక్కనే. సెలవు దొరికితే కెమెరా పట్టుకుని ఆటపాక వెళ్లి పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను ఫొటోలు తీస్తుంటాను, ఇంట్లో ఉంటే పాత తెలుగు పుస్తకాలు. ఉన్న వ్యాసంలో చెయ్యి పెట్టాలంటే మాత్రం టెన్షన్‌గా ఉంది, ఎవరో కష్టపడి రాసింది చెడిపోతుందేమోనని. ఏం చేయమంటారు?

జవాబు: రండి రండి! ప్రతి మార్పూ పేజీ చరిత్రలో ఉంటుందండీ, తేడా వస్తే పాత కూర్పుకి వెనక్కి తిప్పేయొచ్చు. ముందు మీ ప్రయోగశాలలో, అంటే మీ ఖాతాకి ఉండే సాధన పేజీలో, రాసి చూసుకోండి.

జవాబు: ప్రయోగశాల సరే గానీ, నన్నడిగితే ఫొటోలతోనే మొదలుపెట్టండి. సొంతంగా తీసినవి వికీపీడియాలన్నీ వాడుకునే ఫొటోల భాండారం వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించి, ఎవరైనా వాడుకునేలా ఉచిత లైసెన్సు ఇవ్వాలి. ఉత్తినే 'పక్షి' అని వదిలేయకుండా తీసిన చోటు, తేదీ, శాస్త్రీయ నామం రాయండి, ఆటపాక పెలికాన్ అయితే పెలెకానస్ ఫిలిప్పెన్సిస్. అలా రాస్తేనే వెతికేవాళ్లకి దొరుకుతుంది.

జవాబు: పాత పుస్తకాలంటే ఇష్టమైతే వికీపీడియాకి తోడుగా ఉన్న పుస్తకాల సైటు వికీసోర్స్‌కి కూడా రావాలి మీరు! రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పుస్తకాలు అక్కడ పెడతాం, స్కాన్ పేజీ పక్కన పెట్టుకుని కంప్యూటర్ తప్పుగా చదివిన ఒత్తులూ దీర్ఘాలూ దిద్దాలి. మనుషులు చాలక ఎన్నో పుస్తకాలు సగంలో ఆగాయి.