బ్రిడ్జర్టన్ రెండో సీజన్ చూసేశాక పుస్తకం చదవొచ్చా?

రాత్రి గుడ్లగూబ:
నెట్‌ఫ్లిక్స్‌లో బ్రిడ్జర్టన్ రెండో సీజన్ ఈమధ్యే చూశాను. ఆంథనీ, కేట్ జంట తెగ నచ్చేసింది. దీనికి మూలం జూలియా క్విన్ 2000లో రాసిన 'ద వైకౌంట్ హూ లవ్డ్ మీ' అట. కథంతా తెలిసిపోయాక ఇప్పుడు చదివితే కొత్తగా ఏమైనా ఉంటుందా? ఇంకో డౌటు, కేట్ వాళ్లు ఇండియా నుంచి వచ్చినట్టు పుస్తకంలో కూడా ఉందా? స్పాయిలర్లు ఇచ్చినా పర్లేదు.

అటక మీది పుస్తకాలు:
ఇండియా సంగతి పుస్తకంలో లేదండి. అందులో ఆమె కేట్ షెఫీల్డ్, సోమర్సెట్ నుంచి లండన్ వచ్చిన ఇంగ్లీషు పిల్ల. శర్మ ఇంటిపేరు, పసుపు పూసే సీను, వెనకాల 'కభీ ఖుషీ కభీ ఘమ్' ట్యూను, అన్నీ సిరీస్ వాళ్లు కలిపినవే.

కొత్తగా ఉంటుందా అంటే, సగం నవల మీరు చూడని కథే. కేట్‌ని తేనెటీగ కుట్టే సీను గుర్తుందిగా? సిరీస్‌లో ఆంథనీ బెంబేలెత్తిపోతే కేట్ అతని చెయ్యి తన గుండె మీద పెట్టుకుని శాంతపరుస్తుంది, ఎవరూ చూడరు, అక్కడితో సరి. పుస్తకంలో మాత్రం విషం పీల్చేయాలన్న కంగారులో అతను ఆమె ఛాతీ మీదకి వంగడం, సరిగ్గా అప్పుడే ఇద్దరి తల్లులూ, వాళ్లతోపాటు ఊరంతా టాంటాం చేసే ఫెదరింగ్టనమ్మ గారూ వచ్చి చూడటం! ఇంకేముంది, పరువు కోసం పెళ్లి చేసేస్తారు. అక్కడి నుంచే అసలు గొడవ. వాళ్ల నాన్న 38 ఏళ్లకే తేనెటీగ కుట్టి పోయాడు కాబట్టి తనూ ఆ వయసు దాటడని ఆంథనీకి గట్టి నమ్మకం, అందుకే పెళ్లాన్ని బాగానే చూసుకుంటాడు కానీ ప్రేమించకూడదని మొండికేస్తాడు. సిరీస్‌లో తండ్రి చావు బాగా తీశారు, కానీ ఈ లెక్క పక్కకెళ్లి ఇంటి పెద్దకొడుకు బాధ్యతల గోల ముందుకొచ్చింది. ఇష్టం లేని పెళ్లి, ఆ తర్వాత ప్రేమ అంటూ నడిచే వారపత్రిక సీరియల్స్ మీద పెరిగిన నాకైతే పుస్తకమే పట్టేసింది.

మిరపకాయ బజ్జీ:
ఆంథనీ ముందు చేసుకోవాలనుకున్న కేట్ చెల్లెలు ఎడ్వినాని వదిలేశారేంటండీ! పుస్తకంలో ఆమెకి ఆంథనీ మీద పెద్దగా మనసే లేదు, చదువుకున్న మొగుడు దొరికితే చాలు. దాంతో కేట్ అతన్ని చేసుకున్నా ఎవరికీ ఏ నష్టం లేదు, అక్కడే నాకు చప్పగా అనిపించింది. సిరీస్‌లో ఆంథనీ, ఎడ్వినాల పెళ్లి మధ్యలో కేట్ గాజు జారి పడితే ఆంథనీ వంగి తియ్యడం, అది చూసి ఎడ్వినాకి అంతా అర్థమైపోవడం, అలాంటి సీను నవల మొత్తంలో ఒక్కటి చూపించండి. కాకపోతే ఆ తర్వాత రెండు ఎపిసోడ్లు జీడిపాకంలా సాగదీశారు, అది ఒప్పుకుంటా.

అటక మీది పుస్తకాలు:
గాజు సీను నాకూ ఇష్టమే. కానీ ఎడ్వినా కోసమని కేట్, ఆంథనీల కాపురం మొత్తం ఎత్తేశారు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం తెర మీద చూడాలని ఎంత ఆశపడ్డానో.

రాత్రి గుడ్లగూబ:
కాపురం ఉందంటే చదవాల్సిందే 😀 మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టాలా మరి?

కాఫీ కప్పు:
అవసరం లేదు, ఒక్కో పుస్తకం ఒక్కో తోబుట్టువు కథ కాబట్టి నేరుగా రెండోది పట్టుకోండి. సిరీసే వరస మార్చేసింది, 2024లో వచ్చిన మూడో సీజన్ నాలుగో పుస్తకంలోని పెనెలొపీ, కోలిన్‌ల కథ. పేరు దాచుకుని ఊరి గాసిప్పులన్నీ పత్రికలో రాసే లేడీ విజిల్‌డౌన్ ఎవరో పుస్తకాల్లో ఆ నాలుగో దాంట్లో గానీ బయటపడదు, సిరీస్ వాళ్లు మొదటి సీజన్ చివర్లోనే చెప్పేసి ఆ మజా పోగొట్టారు. అన్నట్టు, షార్లెట్ రాణి కోసం మాత్రం వెతక్కండి, ఈ నవలల్లో ఆవిడ పాత్రే లేదు. కేట్‌కి ఉరుములంటే ఎందుకు భయమో చెప్పే భాగం వచ్చినప్పుడు కొంచెం నెమ్మదిగా చదవండి, అది సిరీస్‌లో సరిగ్గా రాలేదు.