అప్‌డేట్: మూడు సైట్లకీ ఒకటే స్టైల్ మాడ్యూల్, అయిపోయిందండి

మొన్న శ్రీకాకుళం నుంచి అడిగింది నేనే, పొందూరు ఖద్దరుదొకటి, పలాస జీడిపప్పుదొకటి, ఇక్కడ స్కూలుదొకటి, డ్రూపల్ (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)తో చేసిన మూడు సైట్లకీ ఒకటే సీఎస్ఎస్ (రంగులు, సైజులు చెప్పే ఫైలు) కాపీ కొట్టి పెట్టాను, బటన్ రంగు మారిస్తే మూడు చోట్లా మార్చాల్సొస్తోంది, మాడ్యూల్‌గా (డ్రూపల్‌కి విడిగా తగిలించే ముక్కగా) ఎలా చెయ్యాలి అని. మీరు చెప్పినట్టే చేశాను, పనిచేసింది.

మాడ్యూలంటే ఎంతో పీహెచ్‌పీ కోడ్ రాయాలనుకున్నా, ఏటీ లేదు, మాడ్యూల్ పేరు, వివరాలు చెప్పే ఒక ఇన్ఫో ఫైలు, సీఎస్ఎస్ ఎక్కడుందో చెప్పే లైబ్రరీస్ ఫైలు, అంతే. మొదటి రోజు మాత్రం ఎర్రర్ పోలేదు, చూస్తే యామల్‌లో (ఆ ఫైళ్లు రాసే పద్ధతి అది) ఒకచోట ట్యాబ్ కొట్టాను, స్పేస్‌లే ఉండాలట.

తర్వాత ఆ సీఎస్ఎస్‌ని పేజ్ అటాచ్‌మెంట్స్ హుక్‌తో (ప్రతి పేజీకీ ఫైళ్లు తగిలించే కోడ్‌తో) పెడితే అడ్మిన్ పేజీలకీ మన స్టైల్ పట్టేసి బటన్లు ఇంతింత అయిపోయాయి. మీలో ఒకరు ఆ హుక్ తీసేసి థీమ్ (సైటు పైకి ఎలా కనపడాలో చూసే భాగం) ఇన్ఫో ఫైల్లోనే లైబ్రరీ పేరు రాయమన్నారు చూడండి, అడ్మిన్ పేజీల థీమ్ వేరు కాబట్టి అదే అసలు మందు. పైగా మాడ్యూల్ సీఎస్ఎస్ ముందు, థీమ్‌ది తర్వాత లోడవుతుంది కాబట్టి రంగులన్నీ వేరియబుల్స్‌గా (పేరు పెట్టిన విలువలుగా) మాడ్యూల్‌లో ఉంచి, ఏ సైటు రంగు ఆ థీమ్‌లో మార్చుకుంటున్నా.

ఇంకోటి, తెలుగు హెడింగులకి లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) 1.2 పెడితే "రాష్ట్రం"లో కింద వత్తులు వెళ్లి కింది లైను గుడులకి తగులుతున్నాయి, 1.6 చేశాక చక్కగా ఉంది, ఒక్క ఫైల్లో మార్చి క్యాష్ (దాచి ఉంచిన పాత కాపీలు) క్లియర్ చేస్తే మూడు సైట్లూ సరిపోయాయి, ఎంత హాయిగా ఉందో! రెండు రాత్రులు నాతో కూర్చున్నందుకు చాలా థాంక్సండి.