గ్రీన్ బెల్ట్‌తో మొదటి కరాటే పోటీ: చేతిలో ఆరు వారాలే ఉన్నాయి

నాలుగోమెట్టు

అందరికీ నమస్కారం. నేను రెండున్నరేళ్లుగా షోటోకాన్ కరాటే నేర్చుకుంటున్నాను. నిరుడు గ్రీన్ బెల్ట్ వచ్చింది. వయసు 29. గ్రేడింగ్ పరీక్షలు తప్ప ఇంతవరకూ ఏ పోటీలోనూ దిగలేదు. మొన్న క్లాసు అయ్యాక మా మాస్టారు నన్ను ఆపి, ఆరు వారాల్లో జరిగే ఓపెన్ టోర్నమెంట్‌కు కటా (నిర్ణీత కదలికల వరుసను ఒంటరిగా ప్రదర్శించడం), కుమితే (ప్రత్యర్థితో పోరు) రెండు విభాగాల్లోనూ నా పేరు రాయించానని చెప్పారు. ఆయన ముందు సరేనన్నాను గానీ, ఇంటికి వచ్చినప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపిస్తారన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సందేహం కటా గురించి. హెయాన్ నిదాన్ అనే కటాను రెండేళ్లుగా చేస్తున్నాను, నిద్రలో లేపి అడిగినా చేయగలను. హెయాన్ యోందాన్ నేర్చుకుని నాలుగు నెలలే అయింది. అయితే మొదట్లో నెమ్మదిగా లేచే చేతులు, రెండు వైపులా యోకో గేరి (పక్కకు వేసే కిక్), చివర్లో మోకాలి దెబ్బ ఉండడం వల్ల చూడడానికి అదే ఘనంగా ఉంటుంది. గ్రీన్ బెల్ట్ వచ్చిన తర్వాత కూడా నిదాన్ చేస్తే జడ్జీలు చిన్నచూపు చూస్తారని తోటివారు అంటున్నారు. కానీ యోందాన్‌లో కుడి కాలితో కిక్ వేసేటప్పుడు పదిసార్లలో మూడు నాలుగుసార్లు నేల మీద ఉన్న కాలు నాకు తెలియకుండానే జరుగుతోంది.

రెండోది కుమితే. మా డోజోలో (కరాటే శిక్షణశాలలో) ఎవరు ఎప్పుడు ఏం వేస్తారో అందరికీ తెలుసు, భుజం కొంచెం కదిలితే చాలు వచ్చేది పంచో కిక్కో చెప్పేయగలం. ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా నిలబడితే ఏం చేయాలో పాలుపోవడం లేదు. పైగా ముఖం మీదికి పంచ్ వేసేటప్పుడు ఎదుటివారికి తగులుతుందేమోనన్న భయంతో నా చేయి జానెడు దూరంలోనే ఆగిపోతుంది. మాస్టారు ఈ లోపాన్ని చాలాసార్లు ఎత్తిచూపారు. ఈ ఆరు వారాల్లో దేని మీద ఎక్కువ సమయం పెట్టాలో, దేన్ని పక్కన పెట్టాలో దయచేసి చెప్పగలరు.

పాతమ్యాట్

నమస్కారం. పదకొండేళ్లు పోటీల్లో పాల్గొని, ఇప్పుడు మా డోజోలో చిన్నవాళ్లకు కటా నేర్పుతున్నాను. కుమితే గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి కటా వరకే రాస్తాను.

నిదాన్ చేయండి. రెండో ఆలోచన పెట్టుకోవద్దు. హెయాన్ కటాలను ఒకినావాలో ఇతోసు అంకో పినాన్ అనే పేరుతో పాఠశాల విద్యార్థుల కోసం కూర్చిన మాట నిజమే, అందుకే వాటిని మొదటి మెట్టుగా నేర్పుతారు. కానీ నిదాన్‌లోని 26 కదలికల్లో షుటో ఉకే (చేతి అంచుతో అడ్డుకోవడం) ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకోండి. ఆ ప్రతిసారీ కోకుత్సు దాచి అనే నిలబడే భంగిమలో బరువు నిజంగా వెనక కాలి మీద ఉందా, వెనక మడమ నేలకు ఆనుకుని ఉందా, తుంటి పక్కకు తిరిగిందా అన్నది అనుభవం ఉన్న కంటికి ఇట్టే తెలిసిపోతుంది. మీ స్థాయి విభాగంలో జడ్జీలు చూసేది నిలకడనీ, ఊపిరినీ, చూపునీ, దెబ్బ చివర కనిపించే బిగువునీ. కాలు జరిగే యోందాన్ కంటే కదలని నిదాన్‌కే జెండాలు లేస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: కొన్ని పోటీల్లో ఏ రౌండ్‌లో ఏ కటా చేయాలో ముందే నిర్ణయిస్తారు, కొన్నిచోట్ల ఒకసారి చేసిన కటాను మళ్లీ చేయనివ్వరు. నిర్వాహకులు పంపిన నియమాల పత్రాన్ని మాస్టారితో కలిసి చదివి, అవసరమైతే రెండో రౌండ్ కోసం హెయాన్ సాందాన్‌ను సిద్ధం చేసుకోండి.

నా మొదటి పోటీలో జరిగిన సంగతి మీకు పనికొస్తుంది. నేను అప్పటికి రెండు నెలల క్రితమే నేర్చుకున్న యోందాన్‌ను ఎంచుకున్నాను. మోకాలి దెబ్బ వేసి కియాయ్ (గట్టి అరుపు) ఇచ్చాక వెనక్కి తిరిగి షుటో ఉకే చేయాలి కదా, అక్కడ ఎటు తిరగాలో తోచక రెండు క్షణాలు కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. ఎందుకలా అయిందో ఆ రాత్రి గానీ అర్థం కాలేదు. మా డోజోలో ఒక గోడంతా అద్దం ఉండేది, నాకు తెలియకుండానే ప్రతి మలుపునూ ఆ అద్దాన్ని బట్టి గుర్తుపెట్టుకున్నాను. పోటీ హాలులో అద్దం లేదు, నాలుగు వైపులా మనుషులే.

కాబట్టి ఈ ఆరు వారాల్లో మీ కటాను రోజుకో గోడకు ఎదురుగా మొదలుపెట్టండి. వారానికి ఒకటి రెండుసార్లు కళ్లు మూసుకుని చేసి, మొదలుపెట్టిన చోటికి ఎంత దగ్గరగా వచ్చి ఆగారో చూసుకోండి. తెలియని ఇద్దరు ముగ్గురిని ఎదురుగా కూర్చోబెట్టి, నమస్కరించి, కటా పేరు గట్టిగా ప్రకటించి, చివరి నమస్కారం దాకా మొత్తం ప్రదర్శించడం కూడా సాధనలో భాగమే. మధ్యలో తడబడితే ఆగవద్దు, ముఖంలో ఏమీ కనిపించనీయవద్దు. చిన్న తూలుకు జడ్జీలు కొంత తగ్గిస్తారు, కటా మధ్యలో స్పష్టంగా ఆగిపోతే మాత్రం ఆట అక్కడితో ముగిసినట్టే. నడుము మీది నుంచి జారేలా బెల్ట్ వదులైనా తప్పుగానే లెక్కిస్తారు, ముడిని బిగించి చూసుకోండి.

మూలజడ్జి

పాతమ్యాట్ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను కొన్నేళ్లుగా మ్యాట్ మూలన కుర్చీలో కూర్చుని జెండాలు ఎత్తుతున్నాను కాబట్టి, అక్కడి నుంచి మొదటిసారి వచ్చినవారు ఎలా కనిపిస్తారో చెప్తాను.

ముందుగా మీ టోర్నమెంట్ ఏ నియమాలతో జరుగుతుందో తెలుసుకోండి, ఎందుకంటే సాధనంతా దాన్ని బట్టే మారుతుంది. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల ప్రకారమైతే ముఖానికి గానీ శరీరానికి గానీ సరైన పంచ్ పడితే యుకో, అంటే 1 పాయింటు. శరీరం మీద కిక్ పడితే వజారి, 2 పాయింట్లు. తల మీద కిక్ పడినా, కింద పడిన ప్రత్యర్థి మీద నియంత్రణతో దెబ్బ వేసినా ఇప్పోన్, 3 పాయింట్లు. పెద్దల విభాగంలో బౌట్ (ఒక పోరు) 3 నిమిషాలు, 8 పాయింట్ల ఆధిక్యం వస్తే అక్కడికే ముగుస్తుంది. ప్రత్యర్థికి ఏమీ రాకుండా మొదటి పాయింటు సంపాదించినవారికి సెన్షు ఉంటుంది, సమయం ముగిసేసరికి స్కోరు సమానమైతే గెలుపు వారిదే. షోబు ఇప్పోన్ పద్ధతిలో అయితే ఒక్క ఇప్పోన్‌తోనో, రెండు వజారీలతోనో బౌట్ ముగిసిపోతుంది, అక్కడ తొందర పడితే కోలుకునే అవకాశం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. మొదటిసారి వచ్చినవారు పాయింట్లు పోగొట్టుకునేది చాలావరకు దెబ్బ వేయలేక కాదు, దెబ్బ వేసిన మరుక్షణంలో. చక్కటి గ్యాకు జుకి (వెనక చేతి పంచ్) పడుతుంది, పడిందన్న ఆనందంతో చేయి పైకెత్తుతారు, లేదా వీపు తిప్పి రెఫరీ వైపు చూస్తారు. మేం జెండా ఎత్తాలంటే దెబ్బలో రూపం, క్రీడా దృక్పథం, ఊపు, జాన్షిన్, సమయం, దూరం ఇవన్నీ కనిపించాలి. జాన్షిన్ అంటే దెబ్బ తర్వాత కూడా మనసు, చూపు ప్రత్యర్థి మీదే నిలవడం. వీపు తిప్పిన క్షణంలో అది పోతుంది, దానితో పాటు పాయింటూ పోతుంది. మంచి దెబ్బకు జెండా ఎత్తబోయి దించుకోవలసి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చున్న నాకూ బాధగానే ఉంటుంది. అందుకని రేపటి నుంచి డోజోలో ఏ దెబ్బ వేసినా చేయి వెనక్కి లాగి, రెండు చేతులూ గార్డులోకి తెచ్చి, “యామే” (ఆపండి) అని రెఫరీ మాట వినిపించే దాకా కళ్లు తిప్పకుండా ఉండడం అలవాటు చేసుకోండి.

కొత్త టెక్నిక్‌లు ఏవీ నేర్చుకోవద్దు. ముందు చేతి కిజామి జుకి, వెనక చేతి గ్యాకు జుకి, మీకు బాగా వచ్చిన ఒక్క కిక్, ఈ మూడూ చాలు. మిగిలిన సమయమంతా దూరం మీద పెట్టండి. తెలియని ప్రత్యర్థి విషయంలో మొదటి పది పదిహేను సెకన్లు ఆయన ముందు కాలిని గమనించండి: మీరు అర అడుగు లోపలికి వెళితే వెనక్కి తగ్గుతున్నారా, నిలబడి ఎదురు పంచ్ వేస్తున్నారా, పక్కకు జరుగుతున్నారా? చాలామందిలో ఈ మూడింట్లో ఏదో ఒకటి అలవాటుగా ఉంటుంది. ఇది తెలిశాక ఆయన అంత అపరిచితుడిగా అనిపించరు. వీలైతే మాస్టారి అనుమతితో మరో డోజోకు వెళ్లి రెండు మూడుసార్లు స్పారింగ్ చేసి రండి. మ్యాట్ ఒక్కో వైపు 8 మీటర్లే ఉంటుంది, వెనక్కి తగ్గుతూ గీత దాటితే జోగై కింద హెచ్చరిక వస్తుంది. డోజోలో నేల మీద టేపుతో ఆ కొలత గీసుకుని సాధన చేస్తే వెనక ఎంత జాగా ఉందో చూడకుండానే తెలుస్తుంది.

నాలుగోమెట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అద్దం సంగతి చదివాక ఈరోజు వెనక గోడకు ఎదురుగా నిలబడి నిదాన్ చేశాను. రెండో మలుపులోనే తికమక పడ్డాను! మూలజడ్జి గారూ, నా చేయి ముందే ఆగిపోవడం గురించి కూడా ఒక మాట చెప్పగలరా?

మూలజడ్జి

ఆ భయం మంచి మనసు నుంచి వచ్చినదే, కానీ జానెడు దూరంలో ఆగిన పంచ్‌కు మేం పాయింటు ఇవ్వలేం, దాన్ని అందని దెబ్బగానే చూస్తాం. మరోవైపు ముఖాన్ని గట్టిగా తాకితే హెచ్చరిక వస్తుంది, గాయపరిస్తే బౌట్ నుంచే తొలగించవచ్చు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నటి జాగాను చేతికి నేర్పాలి.

దానికొక సాధన ఉంది. మీ ఎత్తున్న తోటివారిని కదలకుండా నిలబడమని, వారి ముఖానికి ఒక పక్కగా అరచేయి పెట్టించుకోండి. గ్లవ్ అంచు ఆ అరచేతి చర్మాన్ని తాకీ తాకనట్టు తాకి వెనక్కి రావాలి. మొదట నెమ్మదిగా ఇరవై, తర్వాత పూర్తి వేగంతో ఇరవై. నిలబడి చేసినది కుదిరాక ఒక అడుగు లోపలికి వస్తూ చేయండి, ఆపైన అవతలివారిని కూడా ముందుకూ వెనక్కీ కదలమనండి. మొదటి వారం అరచేతి మీద చప్పుడు వినిపిస్తుంది, మూడో వారానికి తాకినట్టు అవతలివారికే తెలుస్తుంది. చేతిని మధ్యలో ఆపడం మీద దృష్టి పెట్టకుండా, వెళ్లినంత వేగంగా వెనక్కి లాగడం మీద పెట్టండి. నియంత్రణ అక్కడి నుంచే వస్తుంది.

ఆలస్యంగామొదలు

నేను 34వ ఏట కరాటే మొదలుపెట్టి, రెండేళ్లకు మొదటి పోటీకి వెళ్లాను. పెద్దలు సాధన గురించి చెప్పారు కాబట్టి ఆ రోజు గురించి మాత్రం రాస్తాను.

గోళ్లు కత్తిరించుకోండి. యూనిఫాం చేతులు మడవనివ్వరు, పొడవైతే ముందే కుట్టించుకోండి. ఎరుపు, నీలం బెల్ట్‌లు, గ్లవ్స్, షిన్ గార్డ్ నిర్వాహకులు ఇస్తారో మీరే తెచ్చుకోవాలో అడగండి. మౌత్ గార్డ్‌ను కనీసం మూడు వారాల ముందు నుంచి ప్రతి స్పారింగ్‌లో పెట్టుకోండి, ఎందుకంటే దానితో ఊపిరి తీసుకోవడం, కియాయ్ ఇవ్వడం కొత్తవారికి చాలా కష్టంగా ఉంటుంది. నేను మొదటి బౌట్‌లో ఒక నిమిషం గడిచేసరికి ఆయాసంతో నోరు తెరిచాను, అది ఊడి మ్యాట్ మీద పడింది.

ఉదయం పేరు నమోదు చేసుకుంటే మధ్యాహ్నం దాకా పిలవకపోవచ్చు. ఒళ్లు వేడెక్కించుకోవడం పొద్దున్నే ఒకసారి చేసి ఊరుకుంటే చాలదు, మీ విభాగానికి ముందు మూడు నాలుగు బౌట్‌లు ఉన్నాయనగా మళ్లీ చేయాలి. ఇంకొక ముఖ్య విషయం: మొదటి రౌండ్‌లో ఓడగానే యూనిఫాం మార్చుకుని వెళ్లిపోకండి. రెపెషాజ్ పద్ధతి ఉన్న పోటీల్లో మిమ్మల్ని ఓడించినవారు ఫైనల్‌కు చేరితే, కాంస్యం కోసం మిమ్మల్ని మళ్లీ పిలుస్తారు. మా డోజో అమ్మాయి ఒకరు అప్పటికే బస్సు ఎక్కేసి ఆ అవకాశం పోగొట్టుకున్నారు.

నాలుగోమెట్టు

పోటీ నిన్న ముగిసింది. ఏం జరిగిందో ఇక్కడ చెప్పడం నా బాధ్యత అనిపించింది.

కటాలో మొదటి రౌండ్ నిదాన్‌తో 3-2 జెండాలతో గెలిచాను. రెండో రౌండ్‌లో సాందాన్ చేసి 0-5తో ఓడిపోయాను, అవతలివారు నిజంగా నాకంటే ఎంతో బాగా చేశారు. కుమితేలో ఒక్క బౌటే దక్కింది. మొదటి పది సెకన్లు నా ప్రత్యర్థి ముందు కాలినే చూశాను. నేను లోపలికి వస్తే ప్రతిసారీ ఒకే అడుగు వెనక్కి వేస్తున్నారు. మూడోసారి ఆ అడుగు పడుతుండగానే వెళ్లి గ్యాకు జుకి వేశాను. గ్లవ్ అంచుకు ఆమె చెంప తగిలీ తగలనట్టు తెలిసింది. చేతులు గార్డులోకి తెచ్చుకుని, “యామే” వినిపించే దాకా ఆమెనే చూస్తూ ఉన్నాను. మూలల్లో జెండాలు లేచాయి. పాయింటూ నాదే, సెన్షూ నాదే.

నిమిషం మిగిలి ఉండగా ఆమె ముందు కాలితో వేసిన మవాషి గేరి (పక్క నుంచి తిప్పి వేసే కిక్) నా చెవి పక్కన పడింది. ఆ కాలు నేల మీంచి లేవడం కూడా నాకు కనిపించలేదు. స్కోరు 1-3, అక్కడి నుంచి నేను అందుకోలేకపోయాను. ఆమె సెమీఫైనల్‌లో ఓడిపోవడంతో రెపెషాజ్ పిలుపు రాలేదు గానీ, ఆ బౌట్ ముగిసే దాకా యూనిఫాంలోనే కూర్చుని చూశాను. అక్కడ కూడా ఆమె అదే కిక్ రెండుసార్లు వేశారు. వేయబోయే ముందు వెనక పాదాన్ని ముందు పాదం దగ్గరికి కొద్దిగా లాక్కుంటున్నారని రెండోసారి పట్టుకోగలిగాను. రేపటి క్లాసులో సరిగ్గా ఆ అడుగుతోనే నా మీద ఆ కిక్ వేస్తూ ఉండమని తోటివారిని అడగబోతున్నాను.